ఉత్తరాంధ్ర టైపు బల్ల మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆఫీసు సాఫ్ట్‌వేర్ చరిత్రను కంప్యూటర్ దగ్గర మొదలుపెడితే సగం కథ జారిపోతుంది. అది టైపు మిషను దగ్గర మొదలవుతుంది. విశాఖపట్నం నుంచి విడిపోయి 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది. ఈ రెండింటికీ నడుమ, 1966లో, ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తెలుగును ప్రభుత్వ భాష చేసింది. కొత్త జిల్లా వస్తే కలెక్టరేటు, దాని శాఖలు, వాటి ఉత్తర ప్రత్యుత్తరాలు వెంట వస్తాయి. ఆ ఉత్తరాలు తెలుగులో కొట్టగల గుమాస్తాలు కావలసి వచ్చారు. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ఇంగ్లీషు లోయర్, హయ్యర్, వాటితో పాటు తెలుగు లోయర్ టైపు పరీక్ష కూడా గట్టెక్కడం సర్కారు కొలువుకు తొలిమెట్టుగా ఉండేది. కొలువు దొరకనివాళ్లు కోర్టు గేటు దగ్గరో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుటో బల్ల వేసుకుని, దస్తావేజు లేఖరుల పక్కన కూర్చుని, కాగితానికి ఇంతని తీసుకుని జాబ్ టైపింగ్ చేసేవారు.

తెలుగు టైపు మిషనులో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఉన్న కొద్దిపాటి మీటల్లో అన్ని గుణింతాలూ, అన్ని ఒత్తులూ పట్టవు కనుక తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వేరువేరు మీటల మీదికి వెళ్లాయి. కొన్ని మీటలు కొడితే బండి ముందుకు కదలదు. తర్వాత కొట్టే అక్షరం వాటి మీదే పడి పూర్తి రూపం వస్తుంది. ఈ పద్ధతి వేళ్లకు అలవాటైన మనిషి ‘క్ష్మి’ని ఒక అక్షరంగా కాక నాలుగు దెబ్బలుగా చూస్తాడు. తర్వాతి కాలంలో కంప్యూటర్ మీద తెలుగు ఏ దారి పట్టిందో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఎందుకు ఆలస్యంగా అడుగుపెట్టిందో చెప్పడానికి ఈ వేళ్ల అలవాటు చాలా పనికొస్తుంది.

1990ల్లో డీటీపీ సెంటర్లు వచ్చాయి. పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, జాతర పోస్టర్లు అచ్చుకూర్పు పెట్టెలను వదిలి తెర మీదికి చేరాయి. ఆ పని అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో సాగేది. ఈ ఫాంట్లు టైపు మిషను తర్కాన్నే కంప్యూటర్‌లోకి తెచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి, ఆ ముక్కలను పక్కపక్కన పేర్చి తెరమీద తెలుగు చూపించేవి. లోపల ఉన్నది మాత్రం తెలుగు కాదు. అదే ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంపర్థం లేని రోమన్ గుర్తులు వరుస కడతాయి. అందులో మాట వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పేర్చడం కుదరదు, ఒక కంపెనీ ఫాంటులో కొట్టినదాన్ని ఇంకో కంపెనీ ఫాంటులోకి మార్చడానికి ప్రత్యేకంగా మరో సాధనం కావాలి.

డీటీపీ బల్లకు ఇవేవీ లోపాలుగా తోచలేదు. శుభలేఖ ఒకసారి అచ్చయితే దానిలో వెతికేదేమీ ఉండదు. గిరాకీ చేతికి వెళ్లేది కాగితమే కానీ ఫైలు కాదు. ఇక ధర మాటకు వస్తే, కంప్యూటర్ బిగించి ఇచ్చే దుకాణాల్లో చాలావరకు విండోస్, ఎంఎస్ ఆఫీస్, పేజ్‌మేకర్ల దొంగ నకళ్లను ముందే ఎక్కించి ఇచ్చేవారు. దేశమంతటా చిన్న పట్టణాల సంగతి ఇదే. ఉచితంగా దొరుకుతుంది, వాడండి అని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారకులు ఐరోపాలోనో అమెరికాలోనో చెప్పిన మాట ఇక్కడ చెల్లని నాణెమైంది. అప్పటికే ఊరికే వచ్చినదాన్ని వదిలి ఇంకో ఊరికే వచ్చేదాన్ని నేర్చుకోవడానికి ఎవరికీ కారణం కనబడలేదు.

ఆ ‘ఇంకోటి’ పుట్టింది జర్మనీలో. మార్కో బోరీస్ అనే కుర్రవాడు 1985లో స్థాపించిన స్టార్ డివిజన్ సంస్థ స్టార్‌ఆఫీస్ తయారుచేసింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ సంస్థను కొని, 2000లో దాని సోర్స్ కోడ్‌ను బహిరంగపరచింది. 2002 మేలో ఓపెన్‌ఆఫీస్ తొలి పూర్తి విడుదల వచ్చింది. 2003 నాటి 1.1 విడుదలలోనే ఫైలును నేరుగా పీడీఎఫ్‌గా మార్చే సదుపాయం ఉంది. ఎంఎస్ ఆఫీస్‌లో అది సహజ భాగం కావడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఓపెన్‌డాక్యుమెంట్ ఫైలు పద్ధతికి 2006లో ఐఎస్ఓ ప్రమాణ హోదా దక్కింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నాక, ఆ ఏడాది సెప్టెంబర్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు విడిపోయి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకున్నారు. 2011 జనవరిలో వారి లిబ్రేఆఫీస్ తొలి విడుదల వచ్చింది. రాతకు రైటర్, లెక్కల పట్టికలకు కాల్క్, ప్రదర్శనకు ఇంప్రెస్ అందులోని ముఖ్య భాగాలు. ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, నకలు ఇంకొకరికి ఇవ్వచ్చు, కోడ్ తెలిసినవాళ్లు మార్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ సిద్ధంగానే ఉంది. తెలుగే సిద్ధంగా లేదు. 1991లో, ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణపు తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కినా, మామూలు కంప్యూటర్ మీద అది కనబడింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అది కూడా తేలిక కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల విభాగానికి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ లోపల పెడితే తప్ప ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. నకలు విండోస్ వేయించుకున్నవాళ్ల దగ్గర ఆ సీడీ ఎక్కడుంటుంది? తెలుగు బ్లాగులు, తెలుగు వికీపీడియా పుట్టిన తొలి ఏళ్లలో చాలామందికి తెలుగు పేజీ అంటే విరిగిన ఒత్తుల వరుస, లేదా ఖాళీ డబ్బాల వరుస.

ఈ అడ్డు తొలగించే పని కంపెనీల కంటే ముందు వ్యక్తులు తలకెత్తుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. రెడ్ హ్యాట్ 2004లో లోహిత్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. ఆ కుటుంబంలో తెలుగు ఫాంటు కూడా ఉంది. పత్రికల వెబ్‌సైట్లు తలో ఫాంటు వాడుతున్న రోజుల్లో వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చింది. పద్మ ఆధారంగా వీవెన్ 2006లో చేసిన ‘లేఖిని’ కీబోర్డు అమరిక ఏదీ రానివాళ్లను కూడా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయించింది. టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కని మనిషి తెలుగులో రాయడం అప్పుడు సాధ్యమైంది. ఈ-తెలుగు అనే సంస్థ కార్యకర్తలు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో బల్ల వేసి, వచ్చినవారికి కంప్యూటర్‌లో తెలుగు చూపించారు.

ప్రభుత్వం కూడా ఒక ప్రయత్నం చేసింది. 2005లో కేంద్ర ఐటీ శాఖ భారతీయ భాషల సీడీలను తమిళం, హిందీలతో మొదలుపెట్టి తెలుగులోనూ ఉచితంగా పంచింది. ఫాంట్లు, కీబోర్డు సాధనాలతో పాటు ‘భారతీయ ఓపెన్‌ఆఫీస్’ కూడా అందులో ఉంది. ఆలోచన మంచిదే. అయితే సీడీ చేరిన చోట దాన్ని పక్కన కూర్చుని నేర్పే మనిషి లేడు. ఫైల్, ఎడిట్ అనే మాటలు ఇంగ్లీషులోనే వేళ్లకు అలవాటైన గుమాస్తాకు మెనూలు తెలుగులో కనిపిస్తే పని సులువు కాకపోగా చిక్కు పెరిగింది. భాషాభిమానంతో చేసిన పనులన్నీ వాడుకరికి మేలు చేస్తాయని లేదు. అతనికి కావలసింది తెలుగు మెనూ కాదు, తెలుగు ఉత్తరం.

తెలుగు ఉత్తరానికి అందమైన అక్షరాలు కావాలి. శుభలేఖల అక్షరాలకు అలవాటు పడిన కంటికి గౌతమి, లోహిత్‌లు చప్పగా కనిపించడంలో వింత లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుని, సిలికానాంధ్ర తోడ్పాటుతో తెలుగు ఫాంట్లు చేయించింది. 2012 డిసెంబర్‌లో తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన కాలం అది. సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, మండలి వంటి పేర్లతో ఫాంట్లు వరుసగా బయటికి వచ్చాయి. అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివే. తర్వాత గూగుల్ ఫాంట్స్‌లోనూ చేరాయి. వాటిలో రెండు పేర్లు ఉత్తరాంధ్రవి: గిడుగు, గురజాడ. రెండింటినీ పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు.

ఫాంట్లకు పేర్లు పెట్టేటప్పుడు సాధారణంగా గౌరవమే చూస్తారు, పొంతన చూడరు. ఈ రెండు పేర్లకు మాత్రం పొంతన ఉంది. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజావారి బడిలో గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1906 ప్రాంతంలో బడుల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ తెలుగు పాఠాల తీరు మీద వేసిన ప్రశ్నల నుంచి వ్యావహారిక వాదం ఊపందుకుంది. బడిలో, పరీక్షలో, పుస్తకంలో జనం మాట్లాడే తెలుగుకు చోటుండాలని గిడుగు వాదించారు, 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు. మద్రాసు విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపు మొగ్గినప్పుడు గురజాడ 1914లో తన అసమ్మతిని పత్రంగా రాసి ఇచ్చారు. కొద్దిమంది పండితులకే తాళంచెవి దొరికే రాతను అందరికీ తెరవాలన్నది వారి పట్టు. గిడుగు ఫాంటు ఉన్న ఫైలు ఏ కంప్యూటర్‌లో తెరిచినా లోపల ఉన్నది తెలుగే. ఆ ఫాంటు లేకపోతే ఇంకో ఫాంటు రూపంలో కనబడుతుందే తప్ప చెరిగిపోదు.

అక్షరాలు వచ్చినా అవి సరిగా కూర్చోవడానికి లిబ్రేఆఫీస్‌కు మరికొంత కాలం పట్టింది. విండోస్‌లో ఒక యంత్రాంగం, లినక్స్‌లో మరొకటి ఒత్తులను పేర్చేవి కనుక ఒకే ఉత్తరం రెండు చోట్ల రెండు రకాలుగా కనబడేది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 విడుదల నుంచి అన్ని చోట్లా హార్ఫ్‌బజ్ అనే ఒకే యంత్రాంగం వచ్చి ఆ తేడా తొలగింది. పేజ్‌మేకర్ చేసే పని చేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ భారతీయ లిపులను చేతనైనంత సరిగా చూపడం కూడా అదే ఏడాది 1.5.3 విడుదలతోనే. పేజ్‌మేకర్ చివరి పెద్ద విడుదల 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ రాదు. అంటే డీటీపీ బల్ల దాదాపు పదహారేళ్ల పాటు ముందుకు పోవడానికి స్వేచ్ఛా దారి లేక పాత దారిలోనే ఉండిపోయింది. ఆపరేటర్ల బద్ధకమని తేల్చేయడం వారికి అన్యాయం.

ఈ జిల్లాల్లో స్వేచ్ఛా ఆఫీసు సాఫ్ట్‌వేర్ నిజంగా పెద్ద ఎత్తున అడుగుపెట్టిన చోటు న్యాయస్థానం. ప్రచారం వల్ల కాదు, ఉత్తర్వు వల్ల. సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2004 చివర ఏర్పడింది. దాని ఆధ్వర్యంలో ఈ-కోర్టుల మొదటి దశలో దేశవ్యాప్తంగా 14,249 జిల్లా, దిగువ కోర్టులను కంప్యూటరీకరించారు. రెండో దశ 2015లో మొదలైంది. లైసెన్సుల ఖర్చు తప్పించడానికీ, ఒక్క కంపెనీ చేతిలో పడకుండా ఉండటానికీ కమిటీ లినక్స్‌ను ఎంచుకుంది. ఉబుంటును కోర్టు పనికి తగ్గట్టు మలిచి, దానిమీద ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ పుణె కేంద్రం తయారుచేసిన కేసుల సమాచార వ్యవస్థను పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల నుంచి పాత తాలూకా కేంద్రాల్లోని దిగువ కోర్టుల దాకా అదే పద్ధతి. తీర్పులు, సాక్షుల వాంగ్మూలాలు, కాపీయింగ్ సెక్షన్ నకళ్లు లిబ్రేఆఫీస్ రైటర్ పరిధిలోకి వచ్చాయి.

ఇక్కడ నేర్పించడానికి మనుషులను కూడా పెట్టారు. న్యాయాధికారుల్లోంచే కొందరిని మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేసి, వారి ద్వారా తక్కినవారికీ, సిబ్బందికీ ఉబుంటు నేర్పారు. సీడీ పంచిన పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఇదే. పక్క కుర్చీలోని మనిషి కూడా అదే వాడుతున్నాడు, సందేహం వస్తే అడగడానికి ఒకరున్నారు, పాతదానికి తిరిగిపోయే వీలు లేదు. కోర్టు గేటు బయట న్యాయవాది టైపిస్టు ఎంఎస్ వర్డ్‌లో వ్యాజ్యం కొడతాడు, లోపల స్టెనో రైటర్‌లో తీర్పు కొడతాడు. ఇద్దరి మధ్య నడిచేది కాగితం కనుక చాలాకాలం ఫైలు పద్ధతుల గొడవే రాలేదు. ఎలక్ట్రానిక్ దాఖలు వచ్చాక ఆ స్థానంలో పీడీఎఫ్ కూర్చుంది. అది ఎక్కడ పుట్టిన ఫైలు అని ఎవరూ అడగరు.

బడుల్లో అలా జరగలేదు. పోలికకు కేరళ ఉంది: అక్కడ ఐటీ@స్కూల్ పథకం 2001లో మొదలై, ఆ దశాబ్దం ముగిసేలోపే ప్రభుత్వ బడులను లినక్స్ మీదికి తెచ్చింది, ఉపాధ్యాయులే శిక్షకులయ్యారు. ఆంధ్రప్రదేశ్ 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టింది. ఒక్క యంత్రాన్ని పలు తెరలకు పంచే ఎన్‌కంప్యూటింగ్ పద్ధతి అందులో వాడారు. పరికరాలూ బోధకులూ ఒప్పంద సంస్థల నుంచి వచ్చారు. ఒప్పందం ముగిశాక ల్యాబు గదికి తాళం పడిన బడులు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ఆ గదిలో రెండో ప్రశ్న అయింది.

కళాశాలల్లో పరిస్థితి కొంత మెరుగు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్ తెచ్చి, ఇంజనీరింగ్ విద్యార్థులను గ్లగ్‌లు అనే వాడుకరుల బృందాలుగా కూడగట్టింది. అప్పటికే రాజాంలో, విజయనగరంలో 1997 నాటి ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి, టెక్కలిలో 2001 నుంచి ఉంది. 2007లో విజయనగరంలో జేఎన్‌టీయూ కళాశాల, 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. అయితే ఇంజనీరింగ్ విద్యార్థికి లినక్స్ అంటే ప్రోగ్రాములు రాసే చోటు. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం వర్డ్‌లోనే కట్టేవాడు. మామూలు వాడుకరిని దృష్టిలో పెట్టుకున్న ప్రయత్నం ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్. ఆచార్య కన్నన్ మౌద్గల్య నడిపిన ఈ పథకంలో రైటర్, కాల్క్, ఇంప్రెస్, బేస్ పాఠాలు పది నిమిషాల చిన్న వీడియోలుగా, తెలుగు మాటతో సహా దొరుకుతాయి. తెరలో సగం పాఠం, సగం సాఫ్ట్‌వేర్ పెట్టుకుని విన్నది విన్నట్టు చేసుకుపోవచ్చు. డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ మాస్టారు లేని పూట కూడా పాఠం ఆగదు. 2019లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ తన సీసీసీ అనే కంప్యూటర్ కోర్సు పాఠ్యప్రణాళికలో ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ చేర్చడంతో, టైపు లోయర్ పరీక్షకు ఒకప్పుడు ఉన్న ఆకర్షణ లాంటిది మొదటిసారి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు కొంత దక్కింది.

ఏజెన్సీ ప్రాంతంలో లెక్క వేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవరల భాషకు మార్కెట్ ఉందని ఏ కంపెనీ అనుకోదు. గిడుగు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండి సవర నేర్చుకుని, తెలుగు లిపిలో వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కల్పించారు. 2004లో ఆంధ్రప్రదేశ్ 240 బడుల్లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు సవర వాటిలో ఒకటి. వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. గొమాంగో లిపికి 2012లో యూనికోడ్ 6.1లో స్థానం దొరికింది, గూగుల్ నోటో కుటుంబంలో ఉచిత ఫాంటు వచ్చింది. ఇవాళ సవర వాచకాన్ని తెలుగు లిపిలోనైనా సొంత లిపిలోనైనా లిబ్రేఆఫీస్‌లో కూర్చవచ్చు, అక్షరం నచ్చకపోతే ఫాంటునే సవరించుకోవచ్చు. ధర కాక మార్చుకునే హక్కే అసలు విలువ అనదగ్గ చోటు ఈ రెండు ఉమ్మడి జిల్లాల చరిత్రలో ఇదే.

2011లో మీసేవ, 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక దరఖాస్తుల రాత చాలావరకు బ్రౌజర్‌లోని గడులు నింపే పనిగా మారింది. కేంద్ర ప్రభుత్వం 2010లో బహిరంగ ప్రమాణాల విధానం, 2015లో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించినా, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ముందున్న ప్రశ్న పోర్టల్ తెరుచుకుంటోందా లేదా అన్నదే. కానీ పోర్టల్ గడిలో అను అక్షరం పడదు, యూనికోడే పడాలి. ఆ విధంగా ఏ ప్రచారం లేకుండానే డీటీపీ సెంటర్‌లోకి యూనికోడ్ వచ్చి చేరింది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా అటువంటి షాపుల్లో ఇప్పుడు ఒకే మనిషి రెండు చేతి అలవాట్లతో పనిచేస్తాడు: శుభలేఖకు అను ‘ఆపిల్’ అమరిక, ఆన్‌లైన్ దరఖాస్తుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికో ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతో. ఒకదాన్నుంచి మరోదానికి మార్చే కన్వర్టర్ పేజీ బ్రౌజర్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసి, కొత్త విండోస్‌కు సరిపడని పాత కంప్యూటర్లు మిగిలిపోనున్నాయని తెలిసి, డాక్యుమెంట్ ఫౌండేషన్ లినక్స్, లిబ్రేఆఫీస్‌ల జోడీని వాటి యజమానులకు సిఫారసు చేసింది. డీటీపీ బల్ల దగ్గర ఆ సిఫారసు విన్నవారు ముందుగా తేల్చుకోవలసిన సంగతి, పేజ్‌మేకర్‌లో ఇన్నేళ్లుగా దాచుకున్న శుభలేఖల నమూనాలు అక్కడ తెరుచుకుంటాయా అన్నది.